మల్లె పూయాలంటే చలికాలంలో మొహమాటం పడకూడదు

ప్రశ్న: మాది హైదరాబాద్. డాబా మీద రెండు కుండీల్లో గుండుమల్లి పెంచుతున్నాను. మూడేళ్ళ కిందట నర్సరీ నుంచి తెచ్చిన ఏడాది విరగబూసింది. అప్పటినుంచి ఆకులు నిగనిగలాడుతున్నాయి, కొమ్మలు తీగల్లా సాగుతున్నాయి, పూలు మాత్రం వేసవి మొత్తానికి గుప్పెడు. ఏడాది పొడుగునా రోజూ నీళ్ళు పోస్తాను. నెలకోసారి చిటికెడు యూరియా వేస్తాను. బియ్యం కడుగు, ఉల్లిపాయ తొక్కల నీళ్ళు, అరటి తొక్కలు అన్నీ అయ్యాయి. కొమ్మలు కత్తిరించమని యూట్యూబ్‌లో చెప్తున్నారు. పచ్చటి మొక్క మీద కత్తెర పెట్టొద్దని మా అత్తగారు అంటున్నారు. వాళ్ళ ఊళ్ళో పెరటి మల్లెపొదకి ఎవరూ ఏమీ చేయకపోయినా బుట్టల కొద్దీ పూసేదట. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలు కుండీలో పూసిన మల్లెల ఫొటోలు పంపిస్తుంటే నాకు ఇంకా టెన్షన్. ఏప్రిల్ వచ్చేసింది. ఈ ఏడాదికి ఆశ ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆశ ఉందండీ. ఏప్రిల్‌లో మొదలుపెడితే మే నెలాఖరుకి పూలు చూడొచ్చు. అయితే మీరు అనుకుంటున్న విరగబూత రావాలంటే పని డిసెంబరులో మొదలవ్వాలి. అది ఎందుకో ముందు చెప్తాను, ఎందుకంటే కారణం తెలియకుండా కత్తెర పట్టుకుంటే మీ అత్తగారు అడిగే ప్రశ్నలకి మీ దగ్గర సమాధానం ఉండదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన మాట ఆవిడదే. ఊళ్ళో పొదకి ఎవరూ ఏమీ చేయలేదన్నారు చూడండి, అది అలా పూయడానికి చాలావరకు అదే కారణం. పాతకాలపు పెరడు ఒకసారి గుర్తు చేసుకోమనండి. కార్తీకం దాటాక వానలు ఉండవు. చలికాలంలో మల్లెపొదకి పనిగట్టుకుని బిందెలు మోసేవాళ్ళూ ఉండరు. నేల బిగుసుకుపోయేది, ఆకు పండి రాలేది. అటుగా వచ్చిన మేక అందినంత మేరా మేసి పోయేది. సంక్రాంతి వెళ్ళేసరికి ఆ పొద చూడ్డానికి కట్టెల మోపులా ఉండేది. తర్వాత ఎండ ముదరడం, స్నానాల నీళ్ళు అటువైపు పారడం, మోడులాంటి కొమ్మల నుంచి ఒక్కసారిగా కొత్త చిగుళ్ళు రావడం. నీళ్ళు ఆపడం, ఆకు దూయడం, కొమ్మ తుంచడం, మూడూ జరిగాయి. చేసింది ఇంట్లో వాళ్ళు కాదు, అంతే తేడా.

మల్లె రైతులు ఇదే పనిని తేదీలు పెట్టుకుని చేస్తారు. విజయవాడ దగ్గరి మైలవరం చుట్టుపక్కల తోటల్లాంటి చోట చలికాలం మొదలవగానే నీటి తడులు ఆపేస్తారు. తోట వాడుముఖం పట్టాక గొర్రెల మందలు తోలడం కూడా ఉంది, అవి ఆకు మేస్తాయి, ఎరువూ వేసి పోతాయి. మిగిలిన ఆకు చేత్తో దూసి, కొమ్మలు కత్తిరించి, పాదులు చేసి, ఎరువు పెట్టి, అప్పుడు నీళ్ళు వదులుతారు. మార్చి నుంచి పూల కోత. పూలు అమ్ముకుని బతికేవాళ్ళే మొక్కని మోడు చేస్తున్నారంటే అందులో క్రూరత్వమేమీ లేదని మీ అత్తగారికి అర్థమవుతుంది. మల్లె చాలా మొండి మొక్క. కొట్టిన కొద్దీ చిగురిస్తుంది.

లోపల జరిగేది ఇదీ. మల్లెమొగ్గ పాత కొమ్మ మీద రాదు. కొత్తగా వచ్చిన చిగురు చివర వస్తుంది, మామూలుగా మూడేసి మొగ్గలు, నడిమిది ముందు విచ్చుకుంటుంది. కాబట్టి ఎన్ని కొత్త రెమ్మలు వస్తే అన్ని గుత్తులు. కత్తిరించని కొమ్మ ఒక్క కొసతోనే సాగుతూ పోతుంది. అదే కొమ్మని కత్తిరిస్తే కోత కింద ఉన్న ఆకుల జంటల దగ్గర నుంచి రెండు, మూడు, నాలుగు రెమ్మలు వస్తాయి. రెమ్మలు వచ్చినా మొగ్గ పట్టాలంటే మొక్కకి విశ్రాంతి దొరికి ఉండాలి, ఎండ తగలాలి, నత్రజని మితంగా ఉండాలి. మీ మొక్కలకి ఏడాదంతా నీళ్ళున్నాయి, నెలనెలా యూరియా ఉంది. ఆకులు పెంచుకోవడానికి ఇంత సుఖంగా ఉంటే అది పూత సంగతి ఎందుకు తలపెడుతుంది? మొదటి ఏడాది ఎందుకు పూసిందంటే, నర్సరీ వాళ్ళు అమ్మకానికి పెట్టే ముందు కొమ్మలు కొట్టి, మేత పెట్టి, ఎండలో ఉంచి తయారుచేస్తారు కాబట్టి. కడియం నుంచి మన ఊళ్ళకి లారీల్లో వచ్చే మొక్కలు మొగ్గలతో దిగుతాయి కదా, ఆ ఏడాది పూత వాళ్ళ పనితనం. రెండో ఏడాది నుంచే మన పనితనం తేలుతుంది.

ఇప్పుడు ఏప్రిల్‌లో ఏం చేయాలో చూద్దాం. యూరియా పూర్తిగా ఆపండి. తర్వాత కుండీ ఎక్కడుందో గమనించండి. తీగల్లా సాగుతోందన్నారు. గుండుమల్లి పొదగా ఉండాల్సిన రకం. అది సాగుతోందంటే యూరియా ఎక్కువైనా అయి ఉండాలి, వెలుతురు తక్కువైనా అయి ఉండాలి. డాబా మీద ఉన్నంత మాత్రాన ఎండ తగులుతోందని కాదు. పిట్టగోడ నీడ, వాటర్ ట్యాంకు నీడ, పక్క అపార్ట్‌మెంట్ నీడ కలిపితే రోజులో రెండు మూడు గంటల ఎండే మిగలొచ్చు. మల్లెకి కనీసం ఆరు గంటల నేరు ఎండ కావాలి. కొందరు వేసవి వచ్చిందని ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టి, దాని కింద మల్లెని కూడా పెడతారు. కరివేపాకుకో పుదీనాకో వేయండి ఆ నీడ, మల్లెకి వద్దు. మన మే నెల ఎండ దానికి సొంతిల్లు.

ఎండ వేడి నుంచి కాపాడాల్సింది వేర్లనే. డాబా స్లాబు మధ్యాహ్నం కాలిపోతుంది, నల్ల ప్లాస్టిక్ కుండీ, గ్రో బ్యాగ్ అయితే మట్టి కూడా వేడెక్కిపోతుంది. కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి నేలకి ఎత్తుగా ఉంచండి. చిన్న కుండీల్నో ఖాళీ డబ్బాల్నో దాని చుట్టూ పేర్చి పక్కల నీడ పడేలా చూడండి. మట్టి పైన ఎండుటాకులు రెండంగుళాల మందాన పరవండి. ఇంత చేస్తే పొద్దున ఒకసారి పోసిన నీళ్ళు సాయంత్రం దాకా నిలుస్తాయి. మే నెలలో సాయంత్రం వేలు పెట్టి చూసి, పైమట్టి పొడిగా ఉంటే ఇంకో చెంబు.

ఇక కత్తెర. ఇప్పుడు చేసేది తేలిక కోత మాత్రమే. పొడుగ్గా సాగిన కొమ్మల్ని మూడో వంతు తగ్గించండి. కోత ఎక్కడ పెట్టాలంటే ఒక ఆకుల జంటకి కాస్త పైన. ఎండు పుల్లలు, పొద లోపల ఒకదానికొకటి రాసుకుంటున్న సన్న కొమ్మలు, మట్టి నుంచి నేరుగా లేచిన బలహీనమైన పిలకలు తీసేయండి. ఎండలు ముదిరిన ఈ రోజుల్లో మొత్తం మోడు చేయొద్దు, నీళ్ళు ఆపి ఎండబెట్టొద్దు. కుండీలో ఉన్న కాస్త మట్టి ఏప్రిల్ ఎండకి రెండు రోజుల్లో ఇటుకలా అవుతుంది, వేర్లు చచ్చిపోతాయి. కత్తిరించిన రోజే పైమట్టిని ఒక అంగుళం మేర గుల్ల చేసి, రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు, ఒక చెంచా ఎముకల పొడి కలిపి నీళ్ళు పోయండి. ఎముకల పొడి ఇంట్లో ఇష్టపడకపోతే వేపపిండి ఒక గుప్పెడు వేయండి, దానితో పాటు చెంచాలో సగం పొటాష్. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర చిగుళ్ళు కనిపిస్తాయి. నెలా, నెలన్నరకి మొగ్గలు.

పూశాక చాలామంది మర్చిపోయే పని ఒకటుంది. ఒక విడత పూత అయిపోగానే, పూసిన గుత్తి కింద రెండు జంటల ఆకులు కలిపి ఆ కొస తుంచేయాలి. అలా వదిలేస్తే ఆ రెమ్మ మళ్ళీ తీగ సాగుతుంది, తుంచితే పక్క రెమ్మలు వచ్చి రెండో విడత మొగ్గ వేస్తుంది. ఇలా తుంచుతూ పోతే ఆగస్టు దాకా విడతలు విడతలుగా పూస్తుంది. మొగ్గలు కూడా మొక్క మీద వదిలేయకండి. మధ్యాహ్నానికి పాలిపోయిన ఆకుపచ్చ పోయి పూర్తిగా తెల్లబడి, నిండుగా ఉబ్బిన మొగ్గ ఆ రాత్రికి విచ్చుకుంటుంది. సాయంత్రం నాలుగైదు గంటలకి కోసి మాల కట్టి, తడిగుడ్డలో చుట్టి పెడితే రాత్రి భోజనాల వేళకి గది నిండుతుంది. ఇంకా లేత ఆకుపచ్చ ఉన్న మొగ్గని తొందరపడి కోస్తే అది విచ్చదు.

ఇంటి చిట్కాల గురించి రెండు మాటలు. బియ్యం కడుగు, ఉల్లి తొక్కల నీళ్ళు మొక్కకి చెడు చేయవు. వాటిలో ఉండే పోషకం స్వల్పం, మొక్కని పూతకి తిప్పే శక్తి వాటికి లేదు. అరటి తొక్కలు పచ్చివి మట్టి మీద పెడితే చీమలూ దోమలూ తప్ప లాభం కనబడదు, ఎండబెట్టి కంపోస్టులో వేయండి. పాలూ చక్కెరా కలిపిన టీ పిప్పి కడగకుండా వేయొద్దు. గుడ్డు పెంకుల పొడి అని మీరు రాయలేదు, రాయకపోయినా ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మన బోరు నీళ్ళలో సున్నం ఇప్పటికే దండిగా ఉంటుంది, దానికి పెంకులు తోడు చేయక్కర్లేదు. వీటికంటే వేరుశనగ చెక్క గుప్పెడు రెండు మూడు రోజులు నానబెట్టి, పదింతలు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి పోస్తే పూత కాలంలో పనిచేస్తుంది. వాసనకి మాత్రం పక్కింటివాళ్ళని ముందే సిద్ధం చేయండి.

నీళ్ళ సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా. ఆర్వో మెషిన్ వదిలే నీళ్ళు వృథా చేయడం ఇష్టంలేక కుండీల్లో పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. అందులో లవణాలు మామూలు నీళ్ళకంటే ఎక్కువ. గచ్చు కడగడానికి వాడుకోండి. లవణాలు, సున్నం ఎక్కువైన కుండీలో లేత ఆకు పసుపు పచ్చగా మారి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేకపోవడం వల్ల వచ్చే లోపం అది. మీ ఆకులు నిగనిగలాడుతున్నాయి కాబట్టి మీకు ఇప్పుడు ఆ బాధ లేదు. ఎప్పుడైనా కనబడితే లీటరు నీళ్ళకి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి మరోసారి. పచ్చబడలేదని మళ్ళీ యూరియా వైపు చూడకండి.

డల్లాస్ ఫొటోల టెన్షన్ వదిలేయండి. అక్కడ చలికాలంలో గడ్డకట్టే రాత్రులు వస్తాయి, మల్లె ఆ చలికి బయట ఆగదు. అక్కడి మనవాళ్ళు కుండీని గరాజ్‌లోకో కిటికీ పక్కకో చేర్చి, ఎప్పుడైనా ఒకసారి నీళ్ళు చూపించి, వసంతం వచ్చాక కొమ్మలు కత్తిరించి బయటపెడతారు. మీ చెల్లెలూ అదే చేస్తూ ఉండొచ్చు, అడగండి. చలి తప్పనిసరి చేసిన విశ్రాంతి అది. మన హైదరాబాద్‌లో చలి మొక్కని ఏమీ చేయదు కాబట్టి మనం ఏడాదంతా పోషిస్తూనే ఉంటాం.

అసలు పని, డిసెంబరు. నవంబరు నుంచి ఎరువులు ఏవీ వేయకండి. డిసెంబరు మొదటి వారం నుంచి నీళ్ళు తగ్గించండి. పెరట్లో పొదకీ కుండీ మొక్కకీ ఇక్కడ తేడా ఉంది. నేలలో ఉన్న పొద వేరు లోతుకి పోయి తడి వెతుక్కుంటుంది, కుండీలో అడుగు లోతు మట్టి తప్ప ఏమీ లేదు. అందుకని నెల రోజులు చుక్క నీళ్ళు ఇవ్వకుండా ఉండటం కుండీకి పనికిరాదు. ఆకు కాస్త వాలే దాకా ఆగండి, అప్పుడు ఒక చెంబు, మళ్ళీ వాలే దాకా ఆగండి. ఇలా మూడు నాలుగు వారాలు. కింది ఆకులు పసుపుబారి రాలుతుంటే మీరు సరిగ్గా చేస్తున్నట్టు. ఆ రోజుల్లో మొక్కని చూస్తే జాలేస్తుంది. మొహమాటపడి బకెట్ నీళ్ళు పోసేయాలనిపిస్తుంది. పోయకండి.

సంక్రాంతి హడావిడి అయ్యాక కత్తిరింపు. మిగిలిన ఆకులన్నీ చేత్తో దూసేయండి, కొమ్మకి పై నుంచి కిందికి కాకుండా ఒక్కో ఆకు పక్కకి లాగితే కణుపు దగ్గరి మొగ్గ దెబ్బతినదు. తోటల్లో నేల నుంచి ఒకటిన్నర అడుగు వదిలి మిగతాది కొట్టేస్తారు. మీ కుండీలకి అడుగు, అడుగుంబావు చాలు. కత్తెర పదునుగా ఉండాలి. వంటింటి కత్తెరతో నమిలితే కొమ్మ చీలుతుంది, అక్కడి నుంచి ఎండు కిందికి దిగుతుంది. లావు కొమ్మల కోతలకి పసుపు ముద్ద పెట్టే అలవాటు కొందరికి ఉంది, పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

అదే రోజు కుండీ కూడా మార్చండి. మూడేళ్ళు అయిందంటే కుండీ నిండా వేర్లే ఉండి ఉంటాయి, నీళ్ళు పోస్తే పక్కల నుంచి జారి అడుగు చిల్లులోంచి బయటికి వచ్చేస్తున్నాయా చూడండి, అదే గుర్తు. మొక్కని మట్టిగడ్డతో సహా తీసి, చుట్టూ అల్లుకున్న వేర్లలో బయటి అంగుళం మేర కత్తిరించి, 14 అంగుళాలకి తగ్గని కుండీలో పెట్టండి. మట్టి కోసం రెండు వంతుల ఎర్రమట్టి, ఒక వంతు బాగా చివికిన పశువుల ఎరువు, అర వంతు ఇసుక, రెండు గుప్పెళ్ళ వేపపిండి. కోకోపీట్ మీద మల్లె పెంచాలని చూడకండి. దానికి ఎర్రమట్టి ఇష్టం. మార్చాక నిండుగా నీళ్ళు పోసి, అక్కడి నుంచి మామూలుగా నీళ్ళు. చిగురు రెండంగుళాలు వచ్చాక పైన చెప్పిన ఎరువు మళ్ళీ మొదలు. జనవరి మూడో వారంలో కత్తిరిస్తే మార్చి రెండో సగానికి మొదటి మొగ్గలు చూస్తారు.

పురుగుల విషయం క్లుప్తంగా. మొగ్గకి చిల్లు పడి, పక్క మొగ్గలతో కలిపి గూడులా అల్లుకుని ఉంటే మొగ్గ తొలిచే పురుగు. మొగ్గ మొదలు ఉబ్బి, ఊదా రంగుకి తిరిగి ఎండిపోతుంటే మొగ్గ ఈగ. రెండిటికీ మొదటి మందు చేతులే, పాడైన మొగ్గలన్నీ ఏరి కవర్లో కట్టి పారేయండి, మొక్క కింద రాలనివ్వకండి. మొగ్గ ఈగ పిల్లపురుగు మట్టిలోకి దిగి మళ్ళీ ఈగ అవుతుంది, అందుకే పైమట్టిని వారానికోసారి గుల్ల చేసి ఎండ తగలనివ్వాలి. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి వారానికోసారి సాయంత్రం కొట్టండి. పూలు తలలో పెట్టుకునేవి, పిల్లలు తిరిగే డాబా, గట్టి రసాయనాల జోలికి వెళ్ళకండి. ఆకులు దుమ్ము పట్టినట్టు పాలిపోయి, వెనక సన్నటి గూడు కనబడితే నల్లి. పైపుతో ఆకుల వెనక్కి నీళ్ళు గట్టిగా కొడితే సగం పోతుంది.

ఇదే ఉత్తరం లాంటివి రాసే మిగతా పాఠకులకి ఒక మాట. చలికాలంలో పూసి వేసవిలో పూయట్లేదని బాధపడే వాళ్ళు ముందు ఆకు తడిమి చూడండి. సన్నటి నూగుతో మెత్తగా ఉండి, పువ్వుకి వాసన లేకపోతే మీ ఇంట్లో ఉన్నది కాగడా మల్లి. దాని కాలమే చలికాలం, దానికి డిసెంబరులో కత్తెర పెడితే ఉన్న పూలూ పోతాయి. రేకులు గులాబీలా దొంతర్లుగా ఉండే బొడ్డుమల్లి పెంచేవాళ్ళు గుండుమల్లితో పోల్చుకోకండి. అది లెక్కకి తక్కువే పూస్తుంది.

చివరికి మీ అత్తగారి అభ్యంతరం. ఆవిడని కాదని చేయొద్దు. రెండు కుండీలున్నాయి కదా. ఒకటి మీ ఇష్టానికి, ఒకటి ఆవిడ మాటకి వదిలేయండి. జనవరిలో ఒకదాన్నే కత్తిరించండి. అదీ శుక్రవారం కాకుండా చూడండి, ఎందుకొచ్చిన గొడవ. ఏప్రిల్ నాటికి రెండు కుండీలూ పక్కపక్కన ఉంటాయి, ఇంక మీరు మాట్లాడాల్సిన అవసరం రాదు. ఒకవేళ అప్పటికీ ఆవిడ మనసొప్పకపోతే ఆ రెండోదాన్ని తొలకరి వానలకి అంటు తొక్కడానికి వాడుకోండి. నేలబారుగా ఉన్న కొమ్మని వంచి, కణుపు కింద చిన్న గాటు పెట్టి, పక్కన మట్టి నింపిన చిన్న కుండీలో పూడ్చి పైన రాయి పెట్టండి. తడి ఆరకుండా చూస్తే దసరా నాటికి వేరు దిగుతుంది, తల్లి మొక్క నుంచి కోసి వేరు చేయొచ్చు. గుండుమల్లికి గింజలు కట్టవు కాబట్టి ఇంకో మొక్క కావాలంటే అంటో, కొమ్మ ముక్కో తప్ప దారి లేదు.